ఇనుపదారి నడుమ ఎండ పంట

1925వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీని బొంబాయి విక్టోరియా టెర్మినసు నుండి కుర్లాకు విద్యుచ్ఛక్తితో నడచిన మొదటి రైలు బయలుదేరెను. అప్పటికి నూరేండ్లు నిండిన 2025వ సంవత్సరముననే, ఆగస్టు మాసమున, కాశీనగరమందలి బనారసు లోకోమోటివు వర్క్సువారు తమ కర్మాగారములోని దారులలో నొకదానియందు, రెండు పట్టాల నడుమ, 70 మీటర్ల పొడవున 28 సౌరఫలకములను పరచిరి. వాని మొత్తము సామర్థ్యము 15 కిలోవాట్లు. మన దేశమున నిట్టి ప్రయత్నమునకు ఇదియే మొదలు. పొగ పోయినను రైలునకు ధూమశకటమను పేరు మన నిఘంటువులలో నిలిచియే యున్నది. ఇక దాని దారియే యెండను పట్టి విద్యుత్తు చేయునను మాట ఇప్పుడు వినవచ్చుచున్నది.

వార్త చిన్నది. దానినుండి పుట్టిన యూహ మాత్రము చాల పెద్దది. దేశములో రైళ్లు పరుగిడు పట్టాలదారి లక్ష కిలోమీటర్లకు పైబడి యున్నది. పట్టాల నడిమి చోటు ఎండలో ఊరక మ్రగ్గుచున్నది. భూమి కొననక్కరలేదు, పంటపొలము జోలికి పోనక్కరలేదు, పరిహారపు తగవులు లేవు, న్యాయస్థానముల చుట్టు తిరుగుట లేదు. కావున అంతటను ఫలకములు పరచిన నేమి యను ప్రశ్న సహజముగనే పుట్టినది. ఇది తెలివిమాలిన ప్రశ్న కాదు. అట్లని పత్రికలలో బొమ్మ చూచినంతనే అవునని తల యూపదగినదియు గాదు.

ముందుగా భూమి మాట చెప్పుకొందము. మా పాఠకులలో పెక్కుమందికి ఇందలి మమకార మక్కడనే యున్నది. కర్నూలునకు సమీపమున గని, శకునాల గ్రామముల ప్రాంతమున 2017లో పూర్తియైన సౌరవిద్యుత్క్షేత్రము 1,000 మెగావాట్లది. దాని క్రింద సుమారు 5,900 ఎకరములు చేరినవి. అనగా మెగావాటునకు ఇంచుమించు ఆరెకరములు. మెట్టభూమియే యైనను, గొఱ్ఱెలు మేయు బీడే యైనను, ఒకసారి ఫలకముల క్రిందికి పోయిన నేల ఇరువదియైదేండ్లవరకు తిరిగి సాగులోనికి రాదు. కాశీలో పరచిన తీరున కిలోమీటరు పొడవునకు 400 ఫలకములు పట్టును. వాని సామర్థ్యము 215 కిలోవాట్లకు కొంచెము తక్కువ. ఈ లెక్కను ఐదు కిలోమీటర్లకు లోపుగనే పట్టాలదారి యొక మెగావాటునకు సరిపోవును. కర్నూలు క్షేత్రమంతటిదానిని పట్టాల నడుమ పరుపవలెనన్నచో 4,700 కిలోమీటర్ల దారి కావలెను. దేశమంతటి దారిలో అది ఇరువదవ వంతైనను గాదు. కాగితముపై నిది చాల ముచ్చటగనే యున్నది.

రాబడి లెక్క కూడ చూతము. మన యెండలో కిలోవాటు ఫలకమునకు దినమునకు సగటున నాలుగు యూనిట్లు వచ్చునని యనుకొన్నయెడల, కిలోమీటరు దారినుండి దినమునకు 850 యూనిట్లు, సంవత్సరమునకు మూడు లక్షలకు పైగా యూనిట్లు రావలయును. రైళ్లను లాగుటకే మన రైల్వేలు ఏటేట 2,000 కోట్ల యూనిట్లకు మించి వాడుచున్నవి. మొత్తము దారిలో పదవవంతు, అనగా పదివేల కిలోమీటర్లు పరచినను, 310 కోట్ల యూనిట్లు వచ్చును. అది ఆ ఖర్చులో ఏడవవంతునకు మించదు. మరియొక తీరున చెప్పిన ఇంకను స్పష్టమగును. గూడ్సు బండ్లను లాగు డబ్ల్యు.ఏ.జి.-9 అను ఇంజను 6,000 అశ్వశక్తికి పైబడినది. అది పూర్తి బలముతో లాగుచున్నంతసేపు సుమారు 4,500 కిలోవాట్లు త్రాగును. నడిమధ్యాహ్నపు మంచి యెండలో ఇరువదియొక్క కిలోమీటర్ల పొడవున పరచిన ఫలకములన్నియు కలిసి ఈ యొక్క ఇంజనునకు చాలును. చీకటి పడిన తరువాత నవి దేనికిని చాలవు. ఆశ పెట్టుకొనదగిన మొత్తమే గాని, రైల్వేల విద్యుత్తు బిల్లును మాయము చేయు మంత్రము గాదు.

ఈ పనిలో మనకంటె కొన్ని నెలలు ముందు నడచినది స్విట్జర్లాండు. అచ్చటి సన్‌వేస్ అను సంస్థ న్యూషాటెల్ మండలములోని బ్యూట్ గ్రామము చెంత, ప్రయాణికుల రైళ్లు నడచుచున్న దారిలోనే, 100 మీటర్ల పొడవున 48 ఫలకములను పరచి 2025 ఏప్రిల్ 24వ తేదీని పని ప్రారంభించెను. వాని సామర్థ్యము 18 కిలోవాట్లు. సంవత్సరమునకు 16,000 యూనిట్లు రాగలవని వారి యంచనా. పరీక్షాకాలము మూడేండ్లు. ఈ అనుమతి యూరక వచ్చినది కాదు. 2023లో అచ్చటి ప్రభుత్వపు రవాణాశాఖ కుదరదని చెప్పెను. మరల పరీక్షలు జరిపి నివేదికలు సమర్పించిన మీదట 2024 అక్టోబరులో ఒప్పుకొనెను. ఫలకములకు వెండ్రుకవాసి బీటలు వారునేమోయనియు, ఎండ తళుక్కుమని డ్రైవరు కన్నులలో పడునేమోయనియు, ప్రక్కనున్న యెండుగడ్డికి నిప్పంటునేమోయనియు అంతర్జాతీయ రైల్వేసంఘము సంశయములు వెలిబుచ్చినది. దృఢతరమైన ఫలకములను వాడి, తళుకును తగ్గించు పూతలు పూసి, రైలు చివర గుండ్రని కుంచెలు తగిలించి దుమ్ము తుడిపింతుమని సంస్థవారు సమాధానము చెప్పిరి. వ్యయము 5,85,000 ఫ్రాంకులు; అందులో పరిశోధన ఖర్చులును జేరియున్నవి గనుక దానిని ధరగా లెక్కించుట న్యాయము గాదు.

స్విట్జర్లాండుతో పోల్చినపుడు మనకు రెండు మేళ్లు కలవు. ఆ దేశము భూమధ్యరేఖకు చాల ఉత్తరమున నున్నది. అచ్చట ఫలకమును దక్షిణమునకు వంచి నిలుపక నేలపై చదునుగా పరచిన నష్టము గణనీయము. ఆంధ్ర తెలంగాణ దేశములలో సూర్యుడు వేసవిలో నడినెత్తి మీదికే వచ్చును. ఇచ్చట చదునుగా పరచుటచే కలుగు నష్టము నూటికి కొలదిపాళ్లు మాత్రమే. బ్యూట్ గ్రామములో 16,000 యూనిట్లిచ్చు 18 కిలోవాట్లు మన యెండలో 26,000 ఇచ్చినను ఆశ్చర్యము లేదు. రెండవది వెడల్పు. వారి పట్టాల నడిమి దూరము 1,435 మిల్లీమీటర్లు. మన బ్రాడుగేజి 1,676. కాశీలో వాడిన ఫలకము వెడల్పు 1,133. దానిని నడుమ నుంచిన తరువాత ఇరుప్రక్కల పట్టా వరకు జానెడుకు కొంచె మెక్కువ చోటు మిగులును. పూర్వము డల్హౌసీ ప్రభువు కాలమున వెడల్పు గేజి మంచిదా, ఇరుకు గేజి మంచిదా యని జరిగిన వాదములో ఈ ప్రయోజనము నెవ్వరును ఊహించియుండరు.

ఆ మేళ్లను కొంతవరకు తినివేయునవియు మన దగ్గరనే యున్నవి. వాయవ్యపు గాలిలో చల్లగా పడియుండు ఫలకము వేరు, మే మాసమున రామగుండమువద్ద కాలు మోపరాని కంకరపై పరచిన ఫలకము వేరు. వేడి పెరిగినకొలది సౌరఫలకపు దిగుబడి తగ్గును. కప్పుపై నిలిపిన దానికి అడుగున గాలి తగులును, పట్టాల నడుమ పరచిన దానికి రాళ్ల సెగ తగులును. దుమ్ము మాట చెప్పనే యక్కరలేదు. బండి ఆగునపుడెల్ల బ్రేకు దిమ్మెలు అరిగి సన్నని యినుపపొడి రాలును. బొగ్గు వ్యాగనులనుండి బొగ్గు, సిమెంటు వ్యాగనులనుండి సిమెంటు, ఇంజనుల క్రిందనుండి నూనెచుక్కలు. ఈ మూడును కలిసి గాజుపై గట్టిపడినచో వానచినుకునకు కడుగుకొని పోవు దుమ్ము కాదు. ఒక విషయమున మాత్రము కాలము మారినది. ప్రయాణికుల పెట్టెలనుండి మరుగుదొడ్ల మలినము తిన్నగా పట్టాలపై పడుచుండిన కాలమున ఈ ప్రస్తావన చేసినవానిని జనులు పరిహసించియుందురు. 2020 నాటికి పెట్టెలన్నింటికిని బయోటాయిలెట్లు అమర్చుటతో ఆ యడ్డు తొలగినది. కిటికీలోనుండి అరటితొక్కయు, పులిహోర పొట్లమును విసరివేయు అలవాటు మనలో తొలగనే లేదు.

ఇవియన్నియు దిగుబడిని నూటికి పదియో ఇరువదియో తగ్గించు విషయములే. తగ్గినను పని నిలువదు. మేము అంతకంటె ముఖ్యమని తలంచునది మరియొకటి కలదు. అది ఎండకును విద్యుత్తునకును సంబంధించినది గాదు, దారిని కాపాడు మనిషికి సంబంధించినది.

పట్టాల నడిమి చోటు ఖాళీగా నున్నదని మనము రైలు కిటికీలోనుండి చూచి యనుకొందుము. అది ఖాళీ కాదు. ప్రతిదినము తెల్లవారగనే కీమన్ అనబడు పనివాడు సుత్తియు స్పానరును భుజమున వేసికొని, తన వంతునకు వచ్చిన కిలోమీటర్ల దూరము ఆ చోటనే నడచుచు, ఊడిన క్లిప్పును తిరిగి బిగించుచు, పగిలిన పట్టాను, బీటవారిన స్లీపరును కనుగొనుచుండును. వేసవిలో ఎండవేడికి పట్టాలు వంకర తిరుగునేమో యని కాపు తిరుగువారును, వర్షాకాలపు రాత్రులలో లాంతరు పట్టుకొని కట్ట తెగినదేమో యని చూచువారును నడచునది ఆ దారినే. పట్టా కడుపులోని లోపమును ధ్వనితరంగములతో పట్టు యంత్రమును తోసికొనుచు పోవువారు సైత మచ్చటనే నడతురు. కాంక్రీటు స్లీపరు నడిబొడ్డున పగులుట తెలిసిన జబ్బే. ఫలకము కప్పినచో క్లిప్పులు కనబడునేమో గాని ఆ నడిబొడ్డు కనబడదు. వానలో తడిసిన గాజుపై, చేత బరువు పట్టుకొని, వెనుకనుండి బండి వచ్చునేమో యని చెవి యొగ్గి నడచువాడు జారిపడిన యెడల వాని గతి యేమి? గ్యాంగుమనుషులు పనిచేయుచునే బండిక్రింద పడి మరణించుట మన దేశమున అరుదైన సంగతి కాదు. పాదము మోపుటకు గరుకైన దారి యొకటి ప్రక్కన ఏర్పరుపక గాజు పరచుట మా దృష్టిలో తగని పని.

మనుషుల పని యిట్లుండగా యంత్రముల పని యొకటి కలదు. బండ్ల బరువునకు పట్టాల క్రింది కంకర నలిగి కుంగును. కొలది యేండ్లకొకసారి ట్యాంపింగు యంత్రము వచ్చి, పట్టాకు ఇరువైపుల తన ఇనుపవేళ్లను కంకరలోనికి దింపి, అదిమి సరిచేయును. జానెడు చోటు విడిచితిమి గదా యని ఫలకమువారందురు. ఆ జానెడులో నా యినుపవేళ్లు దిగి కంకరను కదలించునపుడు ఎగిరిన రాయి ప్రక్కనున్న గాజును తాకక మానునా? ఇంకను కొన్నియేండ్లకు కంకర నంతటిని త్రవ్వి జల్లెడపట్టి మరల పోయు యంత్రము వచ్చును. అప్పుడు ఫలకము లన్నింటిని తీయుట తప్పదు. కాశీవారు ఈ సంగతి నెరిగినవారే గనుక, ఫలకమునకు నాలుగు బోల్టులు మాత్ర ముంచి, వానిని విప్పినంతనే తీయగల యేర్పాటు చేసిరి. కదలిక తగ్గించుటకు రబ్బరు దిండ్లను పెట్టిరి. వారి నేర్పు మెచ్చదగినదే. ఐనను లెక్క వేసి చూడుడు. కిలోమీటరునకు 400 ఫలకములు. విప్పవలసిన బోల్టులు 1,600. ఒక్కొక్క ఫలకము సుమారు 32 కిలోలు; మొత్తము 12 టన్నులకు పైన. పని ముగిసిన తరువాత ఆ 12 టన్నులను మరల మోసికొని వచ్చి, తీగెలు కలిపి, 1,600 బోల్టులను బిగింపవలెను. గూడూరు, బెజవాడ, కాజీపేట, బల్లార్షా మార్గమువంటి రద్దీ దారిలో మరమ్మతునకై బండ్లను ఆపి యిచ్చు వ్యవధి రెండు మూడు గంటలు దొరకుటయే భాగ్యము. ఆ గంటలలో నొక గంట ఫలకములు తీయుటకును, ఒక గంట పెట్టుటకును పోయినచో కంకర పని యెప్పుడు జరుగును? జరుగలేదని వ్రాసికొని మరుసటి నెలకు వాయిదా వేయుటయే జరుగును. సరిచేయని దారిపై బండి వేగము తగ్గింతురు, లేదా తగ్గింపరు. రెండవది మొదటిదానికంటె భయంకరము.

యంత్రముతో పరచి యంత్రముతో తీయవచ్చునని స్విస్ సంస్థ వారనుచున్నారు; పట్టాలపనికి యంత్రములు చేయు షోయిజర్ కంపెనీవారి బండి దినమునకు వేయి చదరపు మీటర్లవరకు పరుపగలదట. మన కొలతకు అది కిలోమీటరునకు కొంచెము తక్కువ. అట్టి బండి మనకు వచ్చినను, అదియును దారిమీదికే రావలయును గదా. దానికిని వ్యవధి కావలయును.

ప్రమాదము జరిగినపుడు సంగతి చెప్పవలసియే యున్నది. బండి క్రిందినుండి ఊడి వ్రేలాడు భాగము మన రైల్వేలకు తెలియని శత్రువు కాదు; స్టేషనులో నిలుచుండి వచ్చిపోవు బండ్ల క్రిందికి చూచుట ఉద్యోగులు దినదినము చేయవలసిన పని. అట్టి యినుపముక్క కంకరపై ఈడ్చుకొని పోయిన కొంత దూరము చప్పుడగును. ఫలకముల వరుసపై ఈడ్చుకొని పోయిన ఒకదాని తరువాత నొకటిగా పెకలించును. పెకలిన చట్రము చక్రముల నడుమ చిక్కుకొన్న నేమగునో ఊహింపవచ్చును. పశువు బండిక్రింద పడినను ఇంతే. అదియుగాక పగటివేళ ఫలకములలోని విద్యుత్తును ఆపుటకు మీట లేదు. తీగెను త్రెంచినను సూర్యుడు కాయుచున్నంతసేపు అది పుట్టుచునే యుండును. వరుసగా కలిపిన ఫలకములలో కొన్నివందల వోల్టు లుండును. క్షతగాత్రులను మోయుటకు పరుగెత్తి వచ్చువారికి ఆ సంగతి యెవరు చెప్పవలెను?

పుట్టిన విద్యుత్తు నెచ్చటికి పంపుదురను ప్రశ్నకును సులభమైన సమాధానము లేదు. పైతీగెలో పారునది 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. ఫలకము పుట్టించునది తక్కువ వోల్టుల ఏకముఖ విద్యుత్తు. పొలములో చదరముగా నున్న క్షేత్రములో నైనచో తీగెలన్నియు నొకచోటికి చేరును. ఇచ్చట అంగుళము వెడల్పు నేలలేని పొడవాటి పంట గనుక, కొన్నివందల మీటర్ల కొక మార్పిడి పెట్టె నిలిపి, ఆ పెట్టెలనుండి మరల పొడవాటి తీగెలు లాగవలెను. పట్టాలగుండ పారు సంకేతవిద్యుత్తును చూచి సిగ్నలు ఎర్రదనమో పచ్చదనమో తెలియజేయుచుండును. ఈ క్రొత్త తీగెలు దాని నే మాత్రము కలత పెట్టరాదు. బ్యూట్ గ్రామమున కూడ విద్యుత్తును రైలునకు పెట్టుటలేదు, ఊరి తీగెలలో కలుపుచున్నారు. రాగితీగెను దొంగిలించువారిని గూర్చి మేము విస్తరించి వ్రాయ నక్కరలేదు. పైతీగెనే కోసికొని పోయిన మహానుభావులు మన దేశమున గలరు.

ఇట్లనుటచే మేమీ ప్రయత్నమును వలదనుచున్నామని పాఠకులు తలంపవలదు. ఐరోపాలో నొక చేదు పాఠము కలదు. ఫ్రాన్సులోని నార్మండీలో 2016 డిసెంబరున ఐదు మిలియనుల యూరోలు వెచ్చించి, కిలోమీటరు పొడవున రోడ్డుమీదనే ఫలకములు పరచిరి. లారీలు త్రొక్కి పలకలు విరిగినవి, చెట్ల యాకులు కప్పినవి. అనుకొన్న దిగుబడిలో సగము మాత్రమే వచ్చెను. 2019 నాటికి అది విఫలమైనదని ఫ్రెంచి పత్రికలే వ్రాసెను. పట్టాల నడుమ పరచిన దానికి ఈ గతి పట్టనక్కరలేదు. చక్రము పట్టాపై పోవును గాని ఫలకముపై పోదు. నార్మండీ విఫలమైనది గనుక కాశీయు విఫలమగుననుట తర్కము గాదు. ఐనను మంత్రులు రిబ్బను కత్తిరించిన దినమున వచ్చిన యూనిట్ల లెక్కకు, మూడేండ్ల తరువాత వచ్చు యూనిట్ల లెక్కకు గల భేదమును ఆ రోడ్డు లోకమునకు చూపినది.

చేయవలసిన పనికి వరుస యొకటి కలదు. బెజవాడ స్టేషనులో 2021లో ప్లాటుఫారములపై సౌరఫలకములనే కప్పుగా వేసిరి, 130 కిలోవాట్లు. ప్రయాణికునకు నీడయు, స్టేషనునకు దీపమును ఒకేసారి దొరకెను. ఏ గ్యాంగుమనిషి దారికిని అడ్డము రాలేదు. హైదరాబాదులో వలయరహదారి ప్రక్కన 2023 అక్టోబరున తెరచిన సైకిళ్ల బాటపై 23 కిలోమీటర్ల పొడవున వేసిన కప్పు 16 మెగావాట్లది. కిలోమీటరునకు 700 కిలోవాట్లు, అనగా పట్టాల నడుమ పట్టు దానికి మూడింతలకు మించినది. గుజరాతులో 2012లోనే నర్మదకాలువ శాఖపై ముప్పాతిక కిలోమీటరు పొడవున నొక మెగావాటు నిలిపిరి. రైల్వేలకు స్టేషనుల కప్పులు, గూడ్సుషెడ్ల కప్పులు, కర్మాగారముల కప్పులు, సరిహద్దురాళ్ల నడుమ ముండ్లతుమ్మ పెరిగిన వేలాది ఎకరముల నేల యున్నవి. తమ ఖాళీభూములలో సౌరవిద్యుత్తు నుత్పత్తి చేసి ఇరువది వేల మెగావాట్లు సాధింతుమని 2020లో రైల్వేవారే ప్రకటించిరి. ఆ కప్పులును ఆ బీళ్లును మిగిలియుండగా, నూరుమైళ్ల వేగమునకు తయారగుచున్న ప్రధానమార్గముల నడుమ గాజు పరుప బూనుట పెరటిలో బావి యుండగా ఏటికి కావడి వేసికొని పోవుట వంటిది.

కాశీవారు కర్మాగారములోని దారినే యెన్నుకొనుట యందుచేతనే వివేకము. అట్టి చోట బండి నెమ్మదిగా నడచును. బండ్ల రాకపోకలు తక్కువ. పుట్టిన విద్యుత్తు ప్రక్కషెడ్డులోనే ఖర్చగును గనుక పొడవాటి తీగె అక్కరలేదు. చుట్టు గోడయు కావలియు నున్నవి. అట్టి దారులు మన ప్రాంతమునను కొల్లలుగా గలవు. సికిందరాబాదు లాలాగూడ వర్కుషాపు, బెజవాడ దగ్గరి రాయనపాడు వ్యాగను వర్కుషాపు, తిరుపతిలో పెట్టెలు మరమ్మతు చేయు షాపు, ఆవిరియింజనుల కాలమున వెలిగి ఇప్పుడు సందడి తగ్గిన బిట్రగుంట యార్డు, ఇవియన్నియు ఇట్టి పరీక్షకు తగిన చోట్లు. ఉత్తరదేశపు పొగమంచులో వచ్చిన లెక్క మన యెండకు పనికిరాదు. రామగుండము వేడిలో ఒక వేసవియు, బిట్రగుంట తుపానుగాలిలో ఒక కార్తికమును గడచినగాని ఆ రబ్బరు దిండ్ల సత్తువ తేలదు.

పరీక్ష జరుపువారిని మేము కోరునది లెక్కలు దాచక ప్రకటింపుడని. యూనిట్లు ఎన్ని వచ్చినవో తప్పక చెప్పుదురు, అది గొప్పగా చెప్పుకొనదగినది గనుక. దానితో పాటు ఫలకములు ఎన్నిసార్లు తీసిరి, తీయుటకు ఎందరు మనుషులు ఎన్ని నిమిషములు పట్టిరి, తుడుచుటకు ఎన్ని బిందెల నీరు ఖర్చయ్యెను, ఎన్ని పగిలినవి, కీమన్ వంతు నడచుటకు పూర్వ మెంతసేపు పట్టుచుండెను, ఇప్పు డెంతసేపు పట్టుచున్నది, ఎవరైన జారిపడిరా యను వివరములను కూడ అదే పట్టికలో అచ్చువేయవలెను. ఆ పట్టికను తయారుచేయు సంఘములో ఇంజనీర్లతో పాటు, ముప్పదియేండ్లు దారి నడచిన గ్యాంగుమేస్త్రీ నొకనిని కూర్చుండబెట్టవలెను. బోల్టు విప్పుటకు నాలుగు నిమిషములు చాలునని కాగితముపై వ్రాసినపుడు, తుప్పు పట్టిన బోల్టు సంగతి యెత్తువాడు అతడొక్కడే. మూడు వేసవులు, మూడు వానకాలములు గడచిన పిమ్మట ఆ పట్టిక సరిగా నున్నచో, యార్డులనుండి సైడింగులకును, సైడింగులనుండి బండ్లు తక్కువగా నడచు శాఖామార్గములకును ఈ ఫలకములను కొనిపోవుటకు మాకు అభ్యంతరము లేదు.